నా ఫోల్డర్‌కు నేనే పరాయిదాన్ని

ఈ ఫోల్డర్‌ను తెరిచే అనుమతి మీకు లేదని కంప్యూటర్ నాతో చెప్పింది. సోమవారం పొద్దున పదకొండు గంటలకు, గోపన్‌పల్లిలో, మా ఇంట్లో, నా పీఎఫ్ డబ్బుతో కొన్న కంప్యూటర్, నాలుగు నెలలు కూర్చుని నేను టైపు చేసిన పాఠాల గురించి నాకే ఆ మాట చెప్పింది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా చెప్పింది. మర్యాదగా కాదంటే నాకు ఒళ్ళు ఇంకా ఎక్కువ మండుతుంది. కింద ‘కంటిన్యూ’ అని కనిపిస్తే నొక్కాను. అప్పుడది మా మరిది పేరు చూపించి, పేరు కింద ఒక ఖాళీ గడి పెట్టి, అతని పాస్‌వర్డ్ కొట్టమంది.

సైన్సు పరీక్షకు అప్పటికి సరిగ్గా వారం ఉంది. పరీక్ష నాది కాదు. సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి వచ్చి చదువుకునే ఏడుగురు ఆడవాళ్ళది. ఏడుగురూ మాదాపూర్‌లో ఒక పెద్ద టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తారు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కి మూడింటికి దిగుతారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాస్తున్నారు.

ఆ టవర్‌లో నేనూ పదకొండేళ్ళు చేశాను. తుడిచే పనిలో చేరి సూపర్‌వైజర్ దాకా వచ్చాను. తర్వాత కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన సూపర్‌వైజర్లందరినీ వరసగా నిలబెట్టి పదో తరగతి సర్టిఫికెట్ అడిగాడు. నా దగ్గర లేదు. పదకొండేళ్ళ పని ఆ ఒక్క కాగితం ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. మళ్ళీ చీపురు పట్టుకుంటే ఉండమన్నాడు. ఉండనని చెప్పి, ఐడీ కార్డు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. పుస్తకాలు కొనుక్కుని నలభై ఒకటో ఏట పదో తరగతి పాసయ్యాను. ఉద్యోగం తిరిగి రాలేదు. కానీ ఇంకొక ఆడది ఆ వరసలో నిలబడి తల దించుకోకూడదని పంతం పట్టాను. ఈ ఏడాది సూపర్‌వైజర్లను పనిలో ఉన్నవాళ్ళలోంచే తీసుకుంటామని, పదో తరగతి పాసైతే చాలని అక్కడ చెప్పారట. ఏడుగురికీ అదే ఆశ, నాకూ అదే.

వాళ్ళకు బజార్లో దొరికే గైడ్ ఎక్కదు. ఆమ్లాలు, క్షారాలు అన్న పాఠం గైడ్‌లోంచి చదివి వినిపిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లేచి వెళ్ళి బాత్రూమ్ కడిగే సీసా, సబ్బునీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టాను. ఏది తగిలితే చెయ్యి మండుతుంది, ఏది తగిలితే జారుతుంది అని అడిగాను. ఏడుగురూ ఒకేసారి చెప్పారు. ఏళ్ళ తరబడి వాళ్ళ చేతులకు తెలిసిన సైన్సే అది, పేర్లు మాత్రమే తెలియవు. మండేది ఆమ్లం, జారేది క్షారం అని రాసి, దాని కింద పుస్తకంలో ఉన్న మాటలు రాశాను. గుండెలో నాలుగు గదులను డూప్లెక్స్ ఇంటితో చెప్పాను, పైన రెండు, కింద రెండు, ఎక్కడి నీళ్ళు అక్కడే పారాలి అని. అలా నలభై పాఠాలయ్యాయి. దిద్దుకుంటూ దిద్దుకుంటూ ప్రింటు తీయడం వెనక్కి నెట్టాను. ఆఖరి వారం అన్నీ కలిపి ఒక్కొక్కరి చేతిలో ఒక కట్ట పెడదామనుకున్నాను.

ఇక మరిది సంగతి. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. చుట్టాల్లో ఒకడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడంటే చాలు, అందరి కంప్యూటర్లు, ఫోన్లు, టీవీలు అతని చేతుల్లో పెట్టేస్తాం. ఆఫీసులో అతను చేసే పనేమిటో మనకు తెలియదు, ఎప్పుడూ అడగం కూడా. ఆదివారం భోజనానికి పిలిచి, తలకాయ కూర వండి, తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చోబెడతాం. పాస్‌వర్డ్ కూడా అతన్నే పెట్టమంటాం. మనమే పెట్టుకుంటే ఇంటి మనిషిని నమ్మనట్టు ఉంటుందని మొహమాటం. అతను కూడా తన పాస్‌వర్డే పెట్టేసి పోతాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం కావాలన్నా అతను రావలసిందే, మళ్ళీ ఒక తలకాయ కూర కావలసిందే.

మా మరిది మంచివాడే. నా కంటే పదిహేనేళ్ళు చిన్న. కంప్యూటర్ మెల్లగా నడుస్తోందంటే ముందు రోజు ఆదివారం వచ్చి, పాత విండోస్ తుడిచి కొత్తగా వేశాడు.

“నీ పాఠాలున్న డి డ్రైవ్ నేను ముట్టనే లేదు వదినా. నీ ఫైల్స్ ఎక్కడియి అక్కడనే ఉన్నయ్. ఫికర్ చెయ్యకు,” అన్నాడు.

నా పేరుతో మళ్ళీ ఖాతా తెరిచాడు. వెనకటి ఫొటోనే పెట్టాడు. కంప్యూటర్ మీద అధికారమంతా ఉండే అడ్మిన్ ఖాతా మాత్రం తన పేరు మీద పెట్టుకున్నాడు. నువ్వు ఏదన్నా ఒత్తితే ఖరాబైతది అన్నాడు. నేను నవ్వి అతని కంచంలో ఇంకో గరిటె కూర వేశాను. ఆ గరిటె గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

సోమవారం ఫోల్డర్ తెరుచుకోకపోయేసరికి వెంటనే ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

“మీటింగ్‌ల ఉన్న వదినా. నువ్వేం ముట్టకు. వచ్చే ఆదివారం వచ్చి చూస్త.”

“ఆదివారం పోతే సోమవారమే పరీక్ష. పాస్‌వర్డ్ చెప్పు, నేనే చూస్కుంట.”

“నాకు అన్నిటికీ అదొక్కటే పాస్‌వర్డ్. ఎట్ల చెప్తా? అయినా అంత పరేషాన్ ఎందుకు, వాళ్ళను గైడ్ కొనుక్కోమను.”

గైడ్ కొనుక్కోమనేసరికి ఫోన్ పెట్టేశాను. నాలుగు నెలల పని అతనికి గైడ్‌తో సమానమైంది. స్టాఫ్ బస్సు నడిపే మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వస్తే చెప్పాను. “వాడొచ్చి చూస్తడు తియ్, నీకెందుకు?” అన్నాడు, ముద్ద కలుపుకుంటూ. నాకెందుకో ఆయనకు చెప్పాలంటే పదకొండేళ్ళ వెనక్కి పోయి మొదలుపెట్టాలి. అంత ఓపిక లేక ఊరుకున్నాను. నాలుగింటికి ఏడుగురూ వచ్చి పాఠాల కట్టలు అడిగారు. ప్రింటర్ పని చేయడం లేదని అబద్ధం చెప్పాను. వాళ్ళతో అంతకుముందు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. అనుమతి లేదన్న ఆ ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొట్టి వెతికాను. ఒక వీడియో తెలుగులో దొరికింది, రెండు హిందీలో దొరికాయి. అర్థం కాని చోట ఆపి, మాట మాటకూ అర్థం వెతుక్కున్నాను. మంగళవారం పొద్దున అంట్లు తోమడం అయ్యేసరికి నాకు విషయం బోధపడింది.

కంప్యూటర్‌లో ప్రతి ఫోల్డర్‌కూ ఒక ఓనర్ ఉంటారు. ఎవరెవరు తెరవొచ్చో ఒక జాబితా ఉంటుంది. నా పాఠాల ఫోల్డర్ జాబితాలో ఒక్కరే ఉన్నారు. అలా పెట్టించింది నేనే. రెండు నెలల కింద, ఎవరి చెయ్యీ పడకుండా నేను తప్ప ఇంకెవరూ తెరవలేనట్టు చెయ్యమని మరిదిని అడిగి మరీ చేయించుకున్నాను. కానీ కంప్యూటర్ మన పేరు చూడదు, ఫొటో చూడదు. ప్రతి ఖాతాకూ తాను ఒక పొడుగాటి నంబరు ఇచ్చుకుని, ఆ నంబరునే చూస్తుంది. విండోస్ కొత్తగా వేసేసరికి పాత నంబరున్న నేను లేకుండా పోయాను. అదే పేరుతో, అదే ఫొటోతో, కొత్త నంబరుతో ఇంకొకావిడ వచ్చి కూర్చుంది. పాఠాలు మాత్రం పాతావిడవి. అడ్మిన్ ఎవరైనా సరే ఆ ఫోల్డర్‌ను కొత్తావిడ పేరు మీదికి మార్చొచ్చు. ఆ మార్చే చోటుకు పోయినా మళ్ళీ మరిది పేరు, దాని కింద ఖాళీ గడి.

తప్పు సగం నాదేనని తెలిశాక కోపం సగమైనా తగ్గాలి. తగ్గలేదు. చీర మార్చుకుని, కొత్తగూడ దాకా షేర్ ఆటోలో పోయి, అక్కడ ఇంకో ఆటో ఎక్కి మాదాపూర్‌లో దిగాను. మా మరిది ఆఫీసు నేను పదకొండేళ్ళు పని చేసిన టవర్‌లోనే, తొమ్మిదో అంతస్తులో ఉంది. నేను మానేశాక చేరాడు. ఇందులో వింతేమీ లేదు, మా చుట్టాల్లో సగం మంది బతుకు ఆ నాలుగు రోడ్ల మధ్యే.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కొత్త. ఎవరి కోసం వచ్చారు, పనేమిటి, ఐడీ ఏది అని అడిగి, రిజిస్టర్‌లో రాయించుకుని, లాబీలో కూర్చోమన్నాడు. ఆ లాబీ నేల నేను రోజుకు నాలుగుసార్లు తుడిపించిందే. ఇప్పుడు లిఫ్టుల వైపు పోవాలంటే కార్డు కావాలి. కింద ఉన్నాను, ఒకసారి రా అని మరిదికి ఫోన్ చేశాను. అయిదు నిమిషాల్లో మెడలో ట్యాగ్ ఊగుతుండగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహంలో రక్తం చుక్క లేదు.

“ఏమైంది వదినా? ఇంట్ల అందరు మంచిగున్నరా? అన్న మంచిగున్నడా?”

“అందరు మంచిగనే ఉన్నరు. పాస్‌వర్డ్ కోసమొచ్చిన.”

అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూశాడు. తోటి ఉద్యోగులు కాఫీ కప్పులతో పోతూ మమ్మల్ని చూస్తున్నారు. గొంతు తగ్గించాడు.

“గింత దానికి ఆఫీసుకొస్తరా ఎవలన్న? ఆదివారం వస్తనన్న గదా.”

“నీకు గింతే. ఆళ్ళ ఏడుగురికి ఏడాది పోతది.”

“అర్థం చేస్కో వదినా. అడ్మిన్ నీ చేతికిస్తే ఏదో ఒకటి డిలీట్ చేస్తవ్. తర్వాత నన్నే అంటరు. నీ మంచికే చెప్తున్న.”

నా మంచికే అన్నాడు. చీపురు పట్టుకోమన్న రోజు కాంట్రాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. నాకు తిక్క నెత్తికెక్కింది. లాబీలో గొంతు పెంచకూడదని నా కింద పని చేసినవాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పినదాన్ని, ఆ రోజు నేనే పెంచాను.

“గీ బిల్డింగ్‌ల పన్నెండు అంతస్తుల తాళాలు ఏండ్లకేండ్లు నా కాడ ఉండె. మీ క్యాబిన్లు, మీ స్టోర్ రూములు, మీటింగ్ రూములు అన్నిటియి. ఎవలదన్న ఒక్క పెన్ను పోయిందా? పోయి అడుగు మీ తొమ్మిదో ఫ్లోర్ల పాతోళ్ళను. గన్ని తాళాలు సూసుకున్నదాన్ని, నా ఇంట్ల నా పాఠాల తాళం నేను సూసుకోలేనా?”

కాఫీ కప్పులు ఆగిపోయాయి. సెక్యూరిటీ ఆయన రిజిస్టర్ మూసి నా వైపు తిరిగాడు. మరిది బూట్ల వైపు చూసుకున్నాడు. అతన్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినదాన్ని, కోపంలో కూడా జాలేసింది. అయినా కదల్లేదు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, నేను పర్సులోంచి తీసిచ్చిన కిరాణా చీటీ వెనక రాసిచ్చాడు.

“ఇగ నావన్ని ఇయ్యాలనే మార్చుకోవాలె,” అని గొణిగాడు.

“మార్చుకో,” అన్నాను. “మొత్తం పోతే నన్ననకు” అన్నాడు. “పోతే నన్ను నేనే అనుకుంట” అని చెప్పి బయటికి వచ్చాను. గేటు దాటేదాకా వెనక్కి చూడలేదు.

ఇంటికొచ్చి, ఆ రోజు క్లాసు లేదని ఏడుగురికీ మెసేజ్ పెట్టి, తలుపు గడియ పెట్టి, ఫోన్‌లో వీడియో ఒక పక్క ఆన్ చేసి కూర్చున్నాను. ఫోల్డర్ మీద మౌస్ కుడి బొత్తం, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. మరిది పేరు కింద గడిలో చీటీ చూసి ఒక్కొక్క అక్షరం కొట్టాను. ఓనర్ అన్న చోట పేరు లేదు. ఎస్ అక్షరంతో మొదలై, గీతలతో అంకెలతో సాగిపోయే నంబరు ఒకటి ఉంది. పక్కన గుర్తు తెలియని ఖాతా అని ఇంగ్లీషులో రాసి ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను. ఆ గుర్తు తెలియనిది నేనే. నలభై పాఠాలు రాసింది, సీసా, గిన్నె తెచ్చి ముందు పెట్టింది, డూప్లెక్స్ ఇల్లు కట్టింది ఆ నంబరే. కంప్యూటర్‌కు గుర్తు లేకపోతే పోనీ, నాకు గుర్తుంది. నంబరు తీసేసి నా పేరు కొట్టి ఓకే అన్నాను. కిందున్న జాబితాలో కూడా నా పేరు ఎక్కించాను.

ఫోల్డర్ తెరుచుకుంది. నలభై పేర్లూ వరసగా కనిపించాయి. ఆమ్లాల పాఠం మీద నొక్కాను. అనుమతి లేదు. గుండె పాఠం మీద నొక్కాను. లేదు. నలభైకి నలభై తెరుచుకోలేదు. నిజంగానే నేనేదో చెడగొట్టానా అని ఒక్క క్షణం అనిపించింది. మరిది మాట నిజమవుతుందన్న భయం కంటే, ఏడుగురి మొహాలు చూడాలన్న భయం ఎక్కువైంది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, వీడియో మొదటి నుంచి మళ్ళీ చూశాను. ఓనర్ పేరు కింద చిన్న గడి ఒకటి ఉంది. లోపలున్న వాటన్నిటికీ ఇదే వర్తించు అని దాని అర్థం. అందులో టిక్కు పెట్టలేదు. గది తాళం తీసి బీరువాల తాళాలు మరిచిపోయాను, అంతే. అలాంటిదే ఇంకో గడి జాబితా కింద కూడా ఉంది. రెండింటిలోనూ టిక్కు పెట్టి మళ్ళీ నొక్కాను. ఫైళ్ళ పేర్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. ఆగాక ఆమ్లాల పాఠం తెరిచాను. మండేది ఆమ్లం, జారేది క్షారం. నేను రాసిన మొదటి ముక్క అదే. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని నా ఖాతాను కూడా అడ్మిన్ చేశాను. మరిది పేరు తీసెయ్యలేదు, ఉండనిచ్చాను.

బుధవారం నాలుగింటికి ఏడుగురూ వచ్చేసరికి పాఠాల కట్టలు బల్ల మీద ఉన్నాయి. ప్రింటర్ గురించి చెప్పింది అబద్ధమని ఒప్పుకుని, జరిగిందంతా చెప్పాను. లాబీలో నేనన్న మాటలు ఇంకాస్త పెంచే చెప్పానేమో. కాఫీ కప్పులు ఆగిపోవడం చెబుతుంటే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. అందరిలో పెద్దది, నా కంటే ఆరేళ్ళు పెద్ద. ఒకప్పుడు నా కింద పని చేసింది కాబట్టి ఎన్నిసార్లు వద్దన్నా నన్ను మేడమ్ అనే పిలుస్తుంది.

“అయితే మేడమ్, మాకెప్పుడిస్తవ్?” అంది.

“ఏందిస్త? కట్టలు ఇచ్చిన గద.”

“కాయిదాలు కాదు. గా కుర్సీ. నీ మరిది నిన్ను ముట్టకు అన్నడని టవర్ దాంక ఉరికినవ్. నాలుగు నెలల సంది నువ్వు మమ్మల్ని గా మిషన్ ముట్టనిచ్చినవా? దూరంకెంచి సూడుమన్నవ్. పదో తరగతి పాసైనంక సూపర్‌వైజర్ అయితే అందరి హాజరు కంప్యూటర్లనే ఎయ్యాలె. ఆడ గూడ ముట్టకు అంటే మేమేం జెయ్యాలె?”

మిగతా ఆరుగురూ నేల చూపులు చూశారు. వాళ్ళకూ అదే మాట ఉందని, పైకి అనలేదని ఆ చూపుల్లోనే తెలిసింది. నాకు చుర్రుమంది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఖరాబైతది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నా నోట్లో మరిది గొంతు విని నేనే అదిరిపడ్డాను. ఆ మాట మింగేసి కుర్చీలోంచి లేచాను.

ఆమె కొంగు దోపుకుని కుర్చీ అంచున కూర్చుంది. మౌస్‌ను గుడ్డ పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. బాణం గుర్తు తెర మీద ఎటెటో పోయింది. పోయి పోయి ఆమ్లాల పాఠం మీద నిలిచింది. తెరుద్దామని కీబోర్డ్ మీద ఏదో నొక్కింది. తెర ఒక ప్రశ్న అడిగింది, ఆమె ఔనంది. పాఠం మాయమైంది.

నా చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. వెనక్కి లాక్కుని నడుము దగ్గర ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాను. ఇప్పుడు నేను వంగి మౌస్ అందుకుంటే ఈమె ఇంకెప్పుడూ ఈ కుర్చీలో కూర్చోదు, కూర్చున్నా ఎవరినీ ఏమీ అడగదు. మిగిలిన ఆరుగురి సంగతీ అంతే.

“పాఠం యాడికి పోలేదు. పైన ఎడమ దిక్కు చెత్తబుట్ట బొమ్మ ఉన్నది సూడు, అండ్ల పడ్డది,” అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె నా వైపు ఒకసారి తిరిగి చూసింది. భయపడుతుందనుకున్నాను. నవ్వింది.

“పదహారేండ్ల సంది సార్లు, మేడమ్‌లు పారేస్కున్న ఉంగరాలు, కార్డులు అన్ని చెత్తబుట్టలల్లకెంచి తీసిచ్చిన. గిది నాకొక లెక్కనా?”

బుట్ట తెరిచింది. ఎక్కడ నొక్కాలో అడిగింది, చెప్పాను. పాఠాన్ని తనే బయటికి తీసింది, తనే తెరిచింది, మొదటి వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఆరుగురూ తమ వంతు కోసం వరసగా నిలబడ్డారు.